భుజం మీద చెయ్యి తీసిన కథ

ఫొటోలోంచి మనిషిని మాయం చేసే విద్య నేను యాభై దాటాక నేర్చుకున్నాను. నవ్వండి, పరవాలేదు. మీ ఇళ్ళలో జడ వేసుకోవడం రాని పిల్ల కూడా ఫోను మీద వేలితో ఒక గీత గీసి, వెనకాల నిలబడ్డ ఆటోనీ, కరెంటు స్తంభాన్నీ, అక్కర్లేని మేనమామనీ ఒకేసారి ఎగరగొట్టేస్తుంది. నాకు ఒక ముసలాయన చెయ్యి తియ్యడానికి వారం పైన పట్టింది. మీకు చెప్పదలచుకున్నది ఆ చెయ్యి సంగతే. కానీ అంతకుముందు పడ్డ అవమానాలు కూడా చెప్పకపోతే నన్నేదో పండితుణ్ణనుకునే ప్రమాదం ఉంది.

నేను బతుకంతా పనిచేసింది పలాసలో ఒక ఫొటో స్టూడియోలో. రిటైరయ్యాననడం కొంచెం పెద్దమాట. ఒకరోజు మా ఓనరు నాకు శాలువా కప్పాడు. కప్పుతుండగా ఫొటో తియ్యడానికి మనిషి లేక, నేనే కెమెరాకి టైమరు పెట్టి పరిగెత్తుకొచ్చి శాలువా కింద దూరాను. ఫొటోలో నేను రొప్పుతూ ఉంటాను. చూసినవాళ్ళు భావోద్వేగమనుకుంటారు.

మా స్టూడియోకి అటూ ఇటూ జీడిపప్పు ఫ్యాక్టరీలు. పిక్కలు కాల్చే పొగకి మా వెనక తెర ఆర్నెల్లు తిరక్కుండానే మాసిన గోధుమ రంగుకి మారేది. ఆ రంగు ముందు కూర్చోబెడితే పెళ్ళిచూపుల ఫొటోల్లో ఆడపిల్లలందరూ ఒక ఛాయ తెల్లగా కనబడేవారు. ఊళ్ళో మాకున్న మంచి పేరులో సగం ఆ పొగది.

గిరాకీ ఎక్కువగా ఉద్దానం ఊళ్ళది. పెళ్ళిళ్ళు, పేరంటాలు, పాస్‌పోర్టు ఫొటోలు. కెమెరా నాది, వీడియో ఇంకొకతనిది. అతను నన్ను మావా అనేవాడు. పెళ్ళిలో భోజనాలు వడ్డించే వైపు తప్ప ఇంకెటూ కెమెరా తిప్పడం అతనికి ఇష్టం ఉండేది కాదు. ఫొటోలు దిద్దడానికి వేరే ఎడిటరుండేవాడు. నేను తీసిన ఫొటోలు కంప్యూటరులోకి ఎలా వెళ్ళేవో, ఆల్బంగా ఎలా బయటికొచ్చేవో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఒక మూఢం ముగిసి, పెళ్ళిళ్ళ హడావుడి మొదలవుతుందనగా, ఆ ఎడిటరు విశాఖలో పెద్ద స్టూడియోకి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు.

ఓనరు కంగారుపడి నన్ను పిలిచాడు.

"నువ్వు నేర్సీ. కెమెరా తెలిసినోడికి కంప్యూటరు రాదేటి? అదీ మెసీనే, ఇదీ మెసీనే."

పక్కనే ఉన్న వీడియో అతను ఊరుకోలేదు. "మేకకీ నాలుక్కాళ్ళే, మంచానికీ నాలుక్కాళ్ళే. మంచాన్ని పాలు పితుకుతారేటండి?"

నాకూ అదే అనిపించింది గానీ, అతను నా తరఫున మాట్లాడాడో నన్ను మంచం అన్నాడో తేల్చుకోలేక ఊరుకున్నాను.

టెక్కలిలో కంప్యూటర్లు నేర్పే ఒకమ్మాయిని ఓనరు మాట్లాడి తెచ్చాడు. ఆమెకి నా కూతురి వయసుంటుంది. పొద్దున్న బస్సులో వచ్చి, మధ్యాహ్నం దాకా నాతో కుస్తీ పట్టి, తలనొప్పి మాత్ర వేసుకుని వెళ్ళిపోయేది. నేను మేడమ్ అనేవాణ్ణి. తను అంకుల్ అనేది. మొదటి రోజు ఒక పెళ్ళికూతురి ఫొటో తెరిచి, ముఖం మీద నీడ ఎక్కువైంది, తగ్గించమంది. పాత రోజుల్లో చీకటి గదిలో ప్రింటు వేసేటప్పుడు, వెలుతురు పడేచోట అరచెయ్యి అడ్డం పెట్టి ఊపితే అక్కడి నలుపు తగ్గేది. అలవాటు కొద్దీ మానిటరు ముందు అరచెయ్యి ఊపాను.

ఆమె కాసేపు చూసింది. "ఏటంకుల్, ఈగేటైనా వాలిందా?"

తర్వాత వెలుతురు పెంచే గీట ఎక్కడుందో చూపించింది. ఆ గీట పట్టుకుని కుడివైపుకి లాగితే మనిషి తెల్లబడతాడు. అది తెలిశాక నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. పూండి దగ్గర ఒక పెళ్ళి ఆల్బం మొత్తానికి లాగేశాను. మండపం తెల్లగా వెలిగింది. పెళ్ళికొడుకు ముఖంలో రెండు కళ్ళు, కింద ముక్కుపుటాల తాలూకు రెండు చుక్కలు మిగిలాయి. మధ్యలో ఉండాల్సిన ముక్కు వెలుతురులో కరిగిపోయింది. ఆల్బం చూసిన పెళ్ళికొడుకు తాతగారు, "ఈ బొత్తాం మొకమోడు మనోడేనేటి?" అని అడిగారట.

ఆ తర్వాత నేర్చుకున్నది మనిషిని కత్తిరించి వెనక రంగు మార్చడం. గల్ఫ్ వెళ్తున్న ఒకతని పాస్‌పోర్టు ఫొటోకి తెల్ల వెనకతలం పెట్టాను. అంచు వెంట గీత గియ్యడంలో చెయ్యి కొంచెం జారి, అతని ఎడమ చెవి కూడా వెనకతలంతో పాటు వెళ్ళిపోయింది. నేను గమనించలేదు. అతనూ గమనించలేదు. జిరాక్సు షాపువాడు గమనించాడు. "మావా, చెవి నేకుండా దేశం దాటనివ్వరు" అని పంపించేశాడట. అతను తిరిగొచ్చి నా ముందు నిలబడి, ఉన్న చెవిని పట్టుకుని చూపించాడు.

పరాకాష్ఠ పులిపిరిది. మా దగ్గర ఫ్లెక్సీలకి ఫొటో దిద్దించుకునే ఒక నాయకుడుండేవాడు. ఆయన కుడి చెంప మీద శనగగింజంత పులిపిరి. అప్పటికే నాకు స్టాంపు అనే పనిముట్టు తెలిసింది. ఫొటోలో ఒకచోటి చర్మాన్ని ఎత్తి ఇంకోచోట అద్దడానికి పనికొస్తుంది. ఎవరూ అడక్కుండానే, మర్యాద కోసం, ఆయన పులిపిరి తీసేశాను. నున్నగా వచ్చింది. ఫ్లెక్సీ వేసే ముందు చూపిస్తే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఎవడు తీసినాడు? ఇది లేసినాకే నాను గెలిసినాను! దీన్ని నమ్ముకునే ఉన్నాను! తిరిగెట్టీ!"

తిరిగి పెడదామంటే అసలు ఫొటో లేదు. దాని మీదే పనిచేసి, దాని మీదే సేవ్ చేశాను. ఇక చేసేదేముంది, పెసరగింజ ఫొటో తీసి, రంగు మార్చి అతికించాను. అతికించింది ఎడమ చెంపకి. అద్దంలో చూసుకునే అలవాటున్న మనిషి కనక ఆయన పట్టుకోలేకపోయాడు. ఆయన మనుషులు మాత్రం ఫ్లెక్సీ కింద నిలబడి తలలు అటూ ఇటూ వంచి చూశారు. ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. నాకు సంబంధం లేదనే అనుకుంటున్నాను.

మేడమ్ ఆ రోజు నాకు ఒకే ఒక్క పాఠం చెప్పింది, నాలుగైదుసార్లు. "అంకుల్, ముందు కాపీ తీసుకోండి. అసలు ఫొటో జోలికెళ్ళకండి."

ఇంత చరిత్ర ఉన్న నా చేతికి ఆ ముసలిదంపతుల ఫొటో వచ్చింది.

అక్కుపల్లి దగ్గర ఒక పల్లె వాళ్ళది. కొబ్బరీ, జీడీ, కొంచెం వరీ. ఆవిడ పోయి రెండేళ్ళయింది కనక ఇదంతా రాయగలుగుతున్నాను. బతికుంటే మా ఇంటికొచ్చి తిట్టేది. అప్పటికి ఆవిడకి అరవై ఉంటాయేమో. మా ఉద్దానంలో ఏ ఇంటినీ వదలని కిడ్నీ జబ్బు ఆవిణ్ణీ పట్టింది. రోజు మార్చి రోజు ఆయన మోటారు సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని డయాలసిస్‌కి పలాస తీసుకొచ్చేవాడు. దారిలో మా స్టూడియో.

ఒక ఉదయం ఆవిడ లోపలికొచ్చి, పమిటలోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు.

"తమ్ముడా, మా గుంట పెళ్ళికి పొటోలు తీసింది నువ్వే కదేటి?"

చూశాను. వాళ్ళమ్మాయి పెళ్ళి, నేనే తీశాను. రీలు కెమెరా రోజులు. పందిరి కింద మొగుడూ పెళ్ళాలిద్దరూ నిలబడి ఉన్నారు. ఆవిడ గళ్ళ పట్టుచీరలో కళకళలాడుతోంది. ఆయన కుడిచెయ్యి ఆవిడ ఎడం భుజం మీద ఉంది. వెయ్యమని అరిచింది నేనే. ఊరందరి ముందూ పెళ్ళాం భుజం మీద చెయ్యి వెయ్యమంటే ఆయన సిగ్గుతో చచ్చిపోయి, వేడి పెనం మీద వేసినట్టు వేళ్ళు విడదీసి వేశాడు.

"ఇందులోన నన్నుంచి, ఆ మనిసిని తీసీ" అంది ఆవిడ.

"ఎందుకప్పా?" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం.

"నాను పోతే గోడకెట్టాల కదా."

"దానికి ఇది ఎందుకు? కుర్చీలో కూకోండి, ఇప్పుడే కొత్తది తీసేస్తాను."

"ఈ మొకమా? ఉబ్బిపోయి, నల్లబడిపోయి. ఇది గోడకెక్కితే మనవలు జడుసుకుని ఆ గదిలోకే రారు. అప్పుడు బాగున్నాను. ఆ మొకమే ఎట్టు."

బయటినుంచి ఆయన గొంతు వినబడింది. "పొటో బావా, లోపలున్నావిడికి సెప్పు. ఆస్పత్రి టైమైపోతంది."

ఆవిడ తల కూడా తిప్పలేదు. "తమ్ముడా, బయటున్నాయనకి సెప్పు. నాకూ గడియారం కనబడతందని."

ఇద్దరూ నా ముఖం చూస్తూ ఆగారు. చెప్పాలన్నమాట. చెప్పాను. చెప్పాకే ఆయన తల ఊపాడు. ఆర్నెల్లుగా ఇద్దరికీ మాటల్లేవట. ఇంట్లో పాలేరు ద్వారా, దారిలో టీ కొట్టువాడి ద్వారా, ఆస్పత్రిలో నర్సు ద్వారా కాపురం సాగుతోంది. ఒకే బండి మీద వస్తారు, ఒకే బండి మీద వెళ్తారు. దారిపొడుగునా బండి రెండు బస్తాలు మోసుకెళ్తున్నట్టే ఉండేదట.

కారణం నేనడగలేదు, ఆవిడే చెప్పింది. గట్టిగా, బయటికి వినబడేలా.

"విశాఖ ఆస్పత్రిలోన నెల్లాళ్ళున్నాను తమ్ముడా. బతికి ఇంటికొచ్చి సూస్తే సాలలోన ఆవు నేదు. నా సేత్తో పెంచిన ఆవు. అమ్మీసినాడు. అంటే ఏటి? ఇదింక రాదని లెక్కేసీసుకున్నాడు. నాను రాననుకుని ఆవునే తోలీసినోడు, నాను పోయినాక నా పక్కన గోడ మీద ఏటికి?"

బెంచీ మీద ఆయన ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆకాశంలో ఏమీ లేదు, ఫ్యాక్టరీ పొగ తప్ప.

సరేనన్నాను. పని సులువనిపించింది. ఫొటోని కంప్యూటరులోకి ఎక్కించి, కాపీ తీసుకుని, పక్కనుంచి కత్తిరించాను. ఒక్క కోతలో ముప్పాతిక మనిషి వెళ్ళిపోయాడు. మిగిలింది చెయ్యి. మణికట్టు నుంచి నాలుగు వేళ్ళూ, ఒక ఉంగరం, ఆవిడ భుజం మీద.

వీడియో అతను తొంగిచూశాడు. "మావా, ఇది గోడకెడితే ఇల్లు ఖాళీ సేసి పోతారు."

ఆ రోజు నుంచి నా తిప్పలు మొదలయ్యాయి. చెయ్యి తియ్యొచ్చు. తీస్తే దాని కింద ఏముంది? ఫొటో తీసినప్పుడు చెయ్యి కిందది కెమెరాకి కనబడలేదు, కనక ఎవరికీ తెలీదు. స్టాంపుతో పక్కనున్న చీర ఎత్తి అద్దాను. గళ్ళు గళ్ళతో కలవలేదు. ఒకచోట కలిస్తే ఇంకోచోట మెట్లు మెట్లుగా వచ్చాయి. చెరిపి మళ్ళీ అద్దాను. భుజం మీద చదరంగం బల్ల విరిగిపడినట్టు తయారైంది. పెద్దది చేసి చూస్తే అద్భుతంగా ఉండేది. మామూలుగా చూస్తే ఆవిడకేదో రోడ్డు ప్రమాదం జరిగినట్టుండేది. దగ్గరగా పనిచెయ్యాలి, దూరంగా చూడాలి అని మేడమ్ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది.

వాళ్ళు రోజు మార్చి రోజు వస్తూనే ఉన్నారు. "అయిందేటి తమ్ముడా?" అని ఆవిడ. "లోపలున్నావిడికి తొందరేటో అడుగు" అని ఆయన. అప్పటికి నేను ఎడిటరు కన్నా తపాలా బంట్రోతుగా బాగా రాణిస్తున్నాను.

ఈ మధ్యలో ఓనరు సహనం అయిపోయింది. ఇచ్ఛాపురంలో ఎడిటింగు వచ్చిన ఒకతనున్నాడని, శుక్రవారం వచ్చి మాట్లాడతాడని చెప్పాడు. "తెలుగూ వచ్చు, ఒడియా వచ్చు, ఆల్బం పనంతా వచ్చు" అన్నాడు. తర్వాత నా వంక చూసి, ఫ్యాను స్పీడు పెంచి వెళ్ళిపోయాడు. కెమెరా పని సగం ఫోన్లే మింగేస్తున్న రోజులు. ఎడిటింగు కూడా చెయ్యకపోతే నన్నెందుకు ఉంచుతాడు? ఇంటికెళ్ళి ఈ మాట చెబితే నా భార్య, "జీడిపిక్కలు కొట్టడం నేర్సుకో, అక్కడ మౌసుండదు" అంది.

గురువారం మేడమ్ ఒక ఉపాయం చెప్పింది. పమిట భుజాల చుట్టూ కప్పుకుంది కనక, ఆవిడ కుడి భుజం మీద కూడా గళ్ళచీర శుభ్రంగా కనబడుతోంది. దాన్ని కాపీ చేసి, అద్దంలో బొమ్మలా తిప్పి, ఎడంవైపు అతికించమంది. చేశాను. గళ్ళు కలిశాయి. అంచు కలిసింది. చెయ్యి మాయం. నాకు ఆనందంతో చెమట పట్టింది. వీడియో అతను కూడా వంక పెట్టలేక టీకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్న ఇచ్ఛాపురం అతను శుభ్రంగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఓనరు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మేడమ్ నా వెనక నిలబడింది. బండి ఆగింది. ఆవిడ లోపలికి, ఆయన బెంచీ మీదికి, ఎప్పటిలాగే. నేను మానిటరు ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది. పొగడ్త వస్తుందని నేను వినయంగా నేలచూపులు చూస్తున్నాను.

"ఇది నానేనా?" అంది.

"మీరే అప్పా. మీరు కాక ఇంకెవరు?"

"నానే. గానీ నాను కాదు."

ఏం లోపమో ఆవిడకి తెలీలేదు, నాకూ తెలీలేదు. ముఖం నేను ముట్టుకోలేదు. ఓనరు ఇచ్ఛాపురం అతని వైపు చూశాడు. అతను మర్యాదస్తుడు, నా ముఖం చూసి గోడ గడియారం చూశాడు. అప్పుడు గుమ్మంలోంచి నవ్వు వినబడింది. బెంచీ మీద కూర్చోవలసిన మనిషి గుమ్మంలోకి వచ్చేశాడు.

"ఎవర్తి బావా ఈవిడ? హోంగార్డేటి? కవాతుకి నిలబడినట్టుంది."

"తమ్ముడా, ఆయన్ని ఎవలడిగినారో కనుక్కో" అంది ఆవిడ.

నేను కనుక్కునేలోపే ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. మానిటరు మీదికి వంగి, వేలు గాజు మీద పెట్టి చూపించాడు.

"ఈ బుజం ఇంతెత్తుండదు. దించు."

మేడమ్ నా చేతిలోంచి మౌసు తీసుకోబోయి, ఎందుకో ఆగిపోయి, ఫొటోలో కొంత భాగాన్ని పట్టుకుని గుంజే పనిముట్టు ఎక్కడుందో చూపించింది. నేను భుజం అంచు పట్టుకుని కిందికి లాగాను.

"ఇంకా దించు. ఇంకొంచెం. ఆ, ఆగు. ఇప్పుడు కొంచెం ముందుకొంచు. ఆ పక్క బుజం ముందుకొంగుతాది."

"నీకెలా తెలుసు బావా?"

"నుయ్యి కాడి నుంచి బిందెలన్నీ ఆ పక్కే మోసింది. జీడితోటకి పోతే ముందు అది నడిసేది, ఎనకమాల నాను. ఇన్నేళ్ళు నా కళ్ళ ముందున్న బుజం నాకు తెల్దేటి?" అని, మళ్ళీ మానిటరు మీదికి వంగాడు. "పమిట మడత ఇక్కడొత్తాది. మెడ కాడ కాదు. ఇదిగో, ఇక్కడ."

నేను లాగాను, అద్దాను, చెరిపాను. ఆయన చెబుతూనే ఉన్నాడు. తన చెయ్యి ఏ జాగాలో ఉండేదో ఆ జాగాని అంగుళం అంగుళం చూపించి, తన్ను తానే తీయించుకున్నాడు. చివర్లో ఆయనకే కనబడింది.

"ఒక ఏలు మిగిలిపోనాది బావా. సూడు, అంచు కాడ. అదీ తీసీ."

నిజమే, చూపుడువేలి కొస గోధుమ రంగు మరకలా ఉండిపోయింది. వారంనుంచి దాన్ని నేను చీర గడి అనుకుంటున్నాను. తీసేశాను.

మానిటరులో ఆవిడ నిలబడి ఉంది. ఒక భుజం కిందికి దిగి, ఎవరో పిలిస్తే బిందె దింపి ఇటు తిరిగినట్టు. ఆవిడ తెర మీది భుజాన్ని చూసి, తన భుజాన్ని ఒకసారి చేత్తో తడుముకుంది.

"ఇది నాను" అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "బావా, నాకూ ఒకటి ఇయ్యి. సిన్నది. జేబులో పట్టేది."

"నీకేటికి?" అంది ఆవిడ. "నానింకా బతికే ఉన్నాను కదా, పొటో ఏటి సేసుకుంటావు?"

అలవాటు కొద్దీ నేను ఆయన వైపు తిరిగి, "బావా, అప్ప అడుగుతన్నాది, నీకు పొటో ఏటికని..." అని మొదలుపెట్టాను.

"ఇనబడింది" అన్నాడాయన.

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ నా వైపు చూడ్డం లేదు. ఆ మాట నాకు చెప్పమని ఇచ్చింది కాదు.

ఆయన నేలమీదికి చూస్తూ చెప్పాడు. "ఆస్పత్రిలోన నిన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపేసేత్తారు. సాయంత్రం దాకా ఆ బెంచీ మీద కూకుంటాను. అక్కడ సూసుకోడానికి ఏటుంది? గోడ మీద ఎవలివో పళ్ళ బొమ్మలు."

ఆవిడ పమిట సర్దుకుంది. తర్వాత మామూలు గొంతుతో, కూరలో ఉప్పెందుకు తగ్గిందని అడిగినట్టు అడిగింది.

"ఆవునెందుకు అమ్మీసినావు?"

"నువ్వు కనబడక అరిసింది. పగలూ రేయీ అరిసింది. గడ్డి ముట్టలేదు. నన్ను దగ్గరికి రానీలేదు. అది గొంతెత్తి అరుత్తా ఉంటే..." ఆయన ఆగాడు. "నానూ దాని పక్కన నిలబడి అలగే అరిసీగలనేటి? ఊరోళ్ళు నవ్వరా? ఇనలేకపోనాను. తోలీసినాను."

మేడమ్ గోడ వైపు తిరిగి, లేని సాలెగూడేదో పరీక్షగా చూడ్డం మొదలుపెట్టింది. ఓనరు ముక్కు చీదాడు. ఇచ్ఛాపురం అతనికి ఏం జరుగుతోందో తెలీదు పాపం, అయినా లేచి నిలబడ్డాడు.

ఆవిడ మాత్రం ఇంకా ఆవు దగ్గరే ఉంది. "ఎవలికి తోలీసినావు?"

"పూండి ఆయనకి."

"పూండి ఎవలికి? ఆ మూలింటోడికా? ఆ తాగుబోతుకా? ఓలమ్మా! ఆడికి నా ఆవునిచ్చినావా? ఆడు పెళ్ళానికే సరిగ్గా కూడెట్టడు, ఆవుకి కుడితెడతాడేటి? నీకు బుద్ధుందా?"

"అప్పుడు అడిగినోడు ఆడొక్కడే!"

"ఆడొక్కడే అడిగితే ఇచ్చీడమేనా? రేపు ఇల్లడుగుతాడు, ఇచ్చీ!"

ఆర్నెల్లుగా నిలవుంచిన తిట్లన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. ఆయనా తక్కువ తినలేదు. బండి స్టార్టయినా, ఆవిడ వెనక ఎక్కి కూర్చున్నా, రోడ్డు మలుపు తిరిగినా, ఇద్దరి గొంతులూ ఇంజను మోతని మించి వినబడుతూనే ఉన్నాయి. టీ తాగి వస్తున్న వీడియో అతను దారివ్వడానికి పక్కకి దూకి, లోపలికొచ్చి అడిగాడు.

"ఏటి మావా, పొటో అంత దరిద్రంగా వచ్చిందేటి?"

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పెయ్యాలి. ఓనరు ఇచ్ఛాపురం అతన్ని పెట్టుకున్నాడు, నన్ను కూడా ఉంచుకున్నాడు. ఆ రోజు ముక్కు చీదినందుకు ఉంచాడో, ఇద్దరు లేకపోతే పని సాగదని ఉంచాడో నేనడగలేదు. నాలో సగం వయసున్న అతని పక్కన కూర్చుని మిగిలిన పాఠాలు నేర్చుకున్నాను. అతను నాకంటే పదింతలు వేగం. ఒడియా పాటలు పాడుకుంటూ మొటిమలు తీసేవాడు. మేడమ్ వెళ్ళిపోయే రోజు నాకొక కొత్త మౌసు బహుమతిగా ఇచ్చి, "పులిపిర్లు ముట్టుకోకండి అంకుల్" అని చెప్పింది. రిటైరయ్యేనాటికి నేను పెళ్ళి ఆల్బం ఒక్కణ్ణే చెయ్యగలిగాను. ముక్కులన్నీ ముక్కుల జాగాలోనే ఉండేవి.

ఆ గొడవైన రెండు రోజులకి, ఆదివారం, ఆ దంపతులు ఆస్పత్రి నుంచి తిరిగి వెళ్తూ ఫొటోల కోసం ఆగారు. ఈసారి ఇద్దరూ లోపలికొచ్చారు. శుక్రవారం డయాలసిస్ అయ్యాక, ఒంట్లో ఓపిక లేకపోయినా వినకుండా, ఆవిడ బండిని పూండి మీదుగా పోనిమ్మందట. వెళ్ళి ఆవుని చూసి వచ్చారట.

"గుర్తుపట్టిందా అప్పా?" అని అడిగాను.

"పట్టకేటి? సూసీసరికి మెడ సాపింది, చెయ్యి నాకింది" అంది ఆవిడ.

"ఏటి నాకింది? సేతిలో అరటితొక్కుంటే నాకింది" అన్నాడాయన. "నా సేతిలో ఉండినా నాకుతాది."

"నీ చెయ్యి నాకిందా మరి? నువ్వూ పెట్టినావు కదా తొక్క?"

"నాను పెట్టేసరికి దానికి కడుపు నిండిపోనాది."

"ఆడింట్లోన దానికి కడుపు నిండుతాదేటి? ఎముకలు కనబడతన్నాయి. నీకు కళ్ళు నేవు."

నేను పెద్ద ఫొటో కవరులో పెట్టి ఆవిడకిచ్చాను. జేబు ఫొటో ఆయనకిచ్చాను. ఇద్దరూ అందుకున్నారు గానీ ఎవరూ విప్పి చూసుకోలేదు. చూసుకోవడానికి తీరిక ఎక్కడిది, ఆవు గుర్తుపట్టిందో లేదో ఇంకా తేలలేదు.